బూడిదదేశం లొంగుబాటు

జాతీయ భద్రతా వ్యూహ చింతన సంస్థలో ఏటా ఒక యుద్ధం జరుగుతుంది. కంగారు పడనక్కర్లేదు. అది రెండో అంతస్తు కాన్ఫరెన్సు హాల్లో, టేబుల్ మీద జరుగుతుంది. ఆరు డ్రాయింగు షీట్లు అతికించిన మ్యాపు పరిచి, ఒకవైపు స్వదేశం, ఇంకోవైపు శత్రుదేశం కూర్చుని, సైన్యాలకు బదులు క్యారమ్‌బోర్డు బిళ్ళలు జరుపుకుంటారు. పొద్దున పదిన్నరకు యుద్ధం మొదలవుతుంది. సాయంత్రం నాలుగింటికి సమోసాలు వచ్చే వేళకు శత్రువు ఓడిపోతాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే ఆనవాయితీ. ఒక ఏడాది సమోసాలు గంట ముందొచ్చాయి. శత్రువు కూడా గంట ముందే ఓడిపోయాడు.

తర్వాత ఒక నివేదిక తయారై ఢిల్లీ వెళుతుంది. అందినట్టు ఢిల్లీ నుంచి ఉత్తరం వస్తుంది. దాంతో దేశానికి మరో ఏడాది భద్రత సమకూరినట్టే.

శత్రుదేశానికి పేరు పెట్టడానికి ఒక ఉపసంఘం వేశారు. ఎరుపు, పచ్చ, నీలం, పసుపు, గులాబీ, ఏ రంగు ముట్టుకున్నా ఎవరో ఒకరు జెండా పట్టుకుని ధర్నాకు దిగేలా ఉన్నారు. పద్నాలుగు సమావేశాల తర్వాత, ఎవరికీ అక్కర్లేని రంగు అదొక్కటే కాబట్టి, బూడిదదేశం అని ఖాయం చేశారు. దాన్ని భూమ్మీద ఎక్కడ పెట్టినా ఏదో ఒక నిజం దేశం కోప్పడుతుంది. అందుకని బంగాళాఖాతంలో, మ్యాపు స్కేలూ దిక్కుల గుర్తూ ఉండే ఖాళీ చోట పెట్టారు.

ముప్ఫై రెండో యుద్ధానికి ఒక చిక్కొచ్చిపడింది. శత్రువు దొరకలేదు.

అంతకుముందు ఏడాది శత్రువుగా కూర్చున్న పరిశోధకుడికి ప్రమోషన్ ఆగిపోయింది. అతని సర్వీసు రిజిస్టరులో ‘ఒక రోజు శత్రువుగా పనిచేసిరి’ అని ఉందట. ఎందుకు పనిచేశావో సంజాయిషీ ఇమ్మని విజిలెన్సు వాళ్ళు అడిగారు. ఆ సంగతి తెలిశాక పెద్ద పరిశోధకులకు నడుంనొప్పి, చిన్న పరిశోధకులకు చుట్టాల పెళ్ళిళ్ళు వచ్చాయి.

“సర్వీసు రిజిస్టరు ఉంటేనే కదా మచ్చ పడేది. రిజిస్టరే లేని మనిషిని కూర్చోబెట్టండి” అంది అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు త్రిపురసుందరిగారు. సంస్థలో ఆలోచించే వాళ్ళు నలభై మంది ఉన్నారు గానీ, ఏదైనా తేల్చేది ఆవిడే.

అందరూ ఒక్కసారి తలలు తిప్పి, మంచినీళ్ళ గ్లాసులు అందిస్తున్న పరంజ్యోతి వైపు చూశారు.

పరంజ్యోతి లైబ్రరీ అటెండెంటు. రేపల్లె దగ్గర పల్లెటూరివాడు, బీయే చదివాడు. పద్నాలుగేళ్ళుగా ఆ సంస్థలో పుస్తకాల దుమ్ము దులుపుతున్నాడు. ఆ పద్నాలుగేళ్ళూ టెంపరరీయే. అక్కడి రూలు ప్రకారం ఎవరైనా తొంభై రోజులు వరుసగా పనిచేస్తే వాళ్ళను పర్మనెంటు చేయాలి. అందుకని అతనికి ఎనభై తొమ్మిది రోజులకే ఆర్డరిస్తారు. తొంభయ్యో రోజున గేటు లోపలికి రానివ్వరు. మర్నాడు కొత్త ఆర్డరిచ్చి, ఇతన్ని ఎన్నడూ చూడనట్టే మళ్ళీ పనిలోకి తీసుకుంటారు. యాభై ఏళ్ళు నిండినవాణ్ణి పర్మనెంటు చేయకూడదని ఇంకో రూలుంది. పరంజ్యోతికి ఇంకో ఏడాదిన్నరలో యాభై నిండుతాయి. అతను రాత్రీ పగలూ లెక్కపెట్టుకునేది అదొక్కటే.

“చేయవలసినదేమీ లేదు. నాలుగింటికి ఓడిపోవలెను, అంతే” అని డైరెక్టర్ విశ్వంభరరావుగారు అతనికి వివరించారు. విశ్వంభరరావుగారు వ్యూహశాస్త్రంలో డాక్టరేటు. కాఫీలో చక్కెర ఎంత అని అడిగినా ‘బహుముఖ దృక్పథం’తో జవాబు చెబుతారు.

“అట్టాగేనండి” అన్నాడు పరంజ్యోతి.

అతను నిజంగా ఓడిపోదామనే కూర్చున్నాడు. కానీ అతనికొక చెడ్డ అలవాటుంది. దుమ్ము దులపడమంటే పుస్తకం తెరిచి దులపాలని ఉద్యోగంలో చేరిన రోజున ఎవరో చెప్పారు. తెరిచినదాన్ని చదవకుండా మూయడం అతనికి చేతకాదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ముప్ఫై ఒక్క నివేదికలూ చదివేశాడు. ఆ పని చేసినవాడు దేశం మొత్తానికి అతనొక్కడే. వాటిని రాసినవాళ్ళు కూడా ఆ జాబితాలో లేరు.

స్వదేశ సైన్యానికి అధిపతి బ్రిగేడియర్ కోదండంగారు, రిటైరై పద్దెనిమిదేళ్ళు. మీసాల్లో మాత్రం ఇంకా సర్వీసులోనే ఉన్నారు. ఆయన పక్కన మరో ఐదుగురు రిటైరైన అధికారులు.

“శత్రువు ఉత్తరం నుంచి వస్తాడు. ఎప్పుడూ అలాగే వస్తాడు” అని ఆయన బిళ్ళలన్నీ శ్రీకాకుళం మీద పోగేశారు.

పరంజ్యోతి ఒక బిళ్ళ తీసి నిజాంపట్నం రేవులో పెట్టాడు.

“అదేమిటయ్యా! అక్కడ మనవాళ్ళెవరూ లేరే!” అన్నారు బ్రిగేడియర్.

“లేరని తమరే రాశారండి. ఇరవయ్యో నివేదిక, నూట పదకొండో పేజీ. ‘ఇచట దిగినచో అడ్డగించువాడు లేడు, తక్షణమే సరిదిద్దవలెను’ అని.”

స్వదేశం ఒక్క బిళ్ళ కదపాలన్నా ఆరుగురూ ఫైలు మీద అభిప్రాయం రాయాలి. ఎవరు ముందు రాయాలన్నది రిటైరైన తేదీని బట్టి. ఇద్దరు ఒకే రోజున రిటైరయ్యారు. వాళ్ళిద్దరిలో పొద్దున రిటైరైందెవరు, సాయంత్రం రిటైరైందెవరు అన్న వాదన తేలేసరికి పరంజ్యోతి రేపల్లె దాటి తెనాలి జంక్షను పట్టుకున్నాడు. అతనిది ఒంటరి దేశం, ఫైలు లేదు. ఒంటిగంటకు కృష్ణా బ్యారేజీ మీద బిళ్ళ నిలబెట్టి, “భోంచేసి వస్తానండి” అన్నాడు. మధ్యాహ్నం గుంటూరు, ఒంగోలు కూడా తీసుకున్నాడు. నాలుగింటికి సమోసాలొచ్చాయి. ఎవరూ ముట్టుకోలేదు.

అప్పుడు విశ్వంభరరావుగారు మార్గదర్శక సూత్రాలు తెప్పించి నాలుగో పేరా చదివారు. “స్వదేశ విజయముతో అభ్యాసము ముగియును. విజయము కలగలేదు. కావున అభ్యాసము ముగియలేదు. యుద్ధము రేపు కొనసాగును.”

అలా రేపు, ఎల్లుండి, వచ్చే నెల, ఆ పై నెల కూడా కొనసాగింది. పరంజ్యోతి పదింటి నుంచి పన్నెండు దాకా దుమ్ము దులిపేవాడు. పన్నెండు నుంచి నాలుగు దాకా యుద్ధం చేసేవాడు. ఏడాది తిరిగేసరికి నెల్లూరు నుంచి నంద్యాల దాకా బూడిదదేశమే. సంస్థ ఉన్న హైదరాబాదు జోలికి మాత్రం పోలేదు. అక్కడ బాంబులు పడితే లైబ్రరీ ఏమైపోతుందోనని అతని భయం.

శత్రువు ఇంత బలంగా ఉన్నాడని తెలిశాక సంస్థకు కొత్త ఊపు వచ్చింది. బూడిదదేశం మీద ఒక అధ్యయన విభాగం వెలిసింది. బూడిదదేశపు ఆర్థిక వ్యవస్థ మీద ఒకరు, నాయకత్వ మనస్తత్వం మీద ఒకరు పుస్తకాలు రాశారు. మనస్తత్వం మీద రాసినాయన రోజూ పరంజ్యోతినే పుస్తకాలు తీసిపెట్టమనేవాడు గానీ, ఒక్క మాటైనా అతన్ని అడిగిన పాపాన పోలేదు.

వీళ్ళందరినీ మించినవాడు డాక్టర్ ప్రద్యుమ్న. ముప్ఫై రెండేళ్ళకే మూడు దేశాల్లో చదివొచ్చాడు. యుద్ధపు డైరీలన్నీ కంప్యూటర్లో పోసి చూస్తే అతనికొక రహస్యం బయటపడింది. బూడిదదేశం ప్రతి తొంభయ్యో రోజున ఏమీ చేయదు! కుర్చీ ఖాళీ, బిళ్ళ కదలదు. అప్పటికి నాలుగుసార్లు అలా జరిగింది. నాలుగుసార్లూ కోదండంగారు అది ఉచ్చు అని పసిగట్టి, తన బిళ్ళలు కూడా కదపకుండా కాపాడుకున్నారు.

ప్రద్యుమ్న ‘తొంభై రోజుల మౌనం: బూడిదదేశ వ్యూహ సంస్కృతిలో ఆవర్తన నిష్క్రియత’ అని పత్రం సమర్పించాడు. సెమినారుకు హాలు నిండిపోయింది. ఆ మౌనం సముద్రపు ఆటుపోట్ల వల్ల అని ఒకరన్నారు. ఆయుధాలకు నూనె పెట్టుకునే రోజని మరొకరన్నారు. ఏదో ప్రాచీన వ్రతం అయి ఉంటుందని, ఉపవాసం కూడా ఉండవచ్చునని చరిత్ర ప్రొఫెసరు ఊహించారు. మైకు పట్టుకుని కుర్చీల మధ్య తిరుగుతున్న పరంజ్యోతి ఉండబట్టలేక తనే మైకులో మాట్లాడాడు.

“అయ్యా, అది వ్రతం కాదండి. ఎనభై తొమ్మిదికి నా ఆర్డరు అయిపోద్దండి. తొంభయ్యో రోజు గేట్లోకి రానియ్యరు. ఇంటికాడ ఉంటానండి.”

ప్రద్యుమ్న చిరునవ్వు నవ్వాడు. “మిత్రులారా, శత్రువు తన ప్రవర్తనకు తానిచ్చే వివరణను ఎన్నడూ ప్రాథమిక ఆధారంగా స్వీకరించరాదు. మనల్ని తప్పుదోవ పట్టించే సామర్థ్యం అతనికి ఏ స్థాయిలో ఉందో ఇప్పుడు మీరే విన్నారు.”

హాలంతా చప్పట్లు కొట్టింది. మైకు ఇచ్చేసి పరంజ్యోతి టీ కప్పులు సర్దడానికి వెళ్ళాడు.

వచ్చే తొంభయ్యో రోజున మెరుపుదాడి చేయాలని తీర్మానించారు. దానికి ‘ఆపరేషన్ సుముహూర్తం’ అని పేరు పెట్టారు. విజయాన్ని కళ్ళారా చూడడానికి ఢిల్లీ నుంచి ముగ్గురు సభ్యుల కమిటీ వస్తానంది. అప్పుడు కోదండంగారికి ఒక సందేహం వచ్చింది.

“దాడి చేస్తాం సరే, లొంగేదెవరు? కుర్చీ ఖాళీగా ఉంటే కుర్చీ సంతకం పెడుతుందా?”

లొంగుబాటు పత్రం మీద శత్రువు సంతకం లేకపోతే విజయం చెల్లదని సూత్రాల్లో ఉంది. కాబట్టి ఆ రోజు పది గంటలకు తప్పక హాజరై, ఓడి, సంతకము చేయవలెనని విశ్వంభరరావుగారు శత్రువుకు ఉత్తరం రాశారు. పైన ‘అతి రహస్యం’ అని ఎర్ర ముద్ర వేశారు. అతి రహస్యాలు పరిపాలనా విభాగం కంటపడకూడదన్నది కూడా ఒక రూలే. ఆ రూలు రాసింది త్రిపురసుందరిగారే.

పరంజ్యోతి ఆ ఉత్తరం ఇంటికి తెచ్చాడు. భార్య సువార్త జాకెట్లు కుడుతోంది. ఉత్తరం చదివి వినిపించగానే మిషను ఆపింది.

“మళ్ళీ చదువు. తొంభయ్యో రోజునా?”

“తొంభయ్యో రోజునే.”

“వాళ్ళే రమ్మన్నారా? కాయితం మీద రాసిచ్చి, సంతకం పెట్టి?”

“పెట్టారు. ముద్ర కూడా ఏశారు.”

“అంటే ఆ రోజు నువ్వు డ్యూటీలో ఉన్నట్టేగా! తొంభై నిండినట్టేగా!” సువార్త మిషను మీంచి లేచింది. “ఏమయ్యా, పదిహేనేళ్ళు! గేటు అవతల నుంచోబెట్టారు, ఇప్పుడు వాళ్ళ చేత్తోనే తీస్తన్నారు గేటు!”

“పిలిచింది ఓడిపోడానికే.”

“ఓడిపో. నీ సొమ్మేం పోయింది? ఇన్నాళ్ళూ గెలిచి ఏం ఒరిగింది, మెడలో దండలేశారా?”

పరంజ్యోతికి కష్టంగానే ఉంది. జీవితంలో అతను గెలిచింది ఆ యుద్ధమొక్కటే. తెనాలి జంక్షనూ, బ్యారేజీ, తను పుట్టిన రేపల్లె, అన్నీ బిళ్ళ బిళ్ళగా సంపాదించుకున్నవి. అయినా తర్వాతి తొంభయ్యో రోజుకు యాభై నిండిపోతాయి. ఇది తప్పితే ఇంకో అవకాశం లేదు. ఉత్తరాన్ని బైబిల్లో పెట్టి దాచాడు.

తొంభయ్యో రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని వెళ్ళాడు. ఉత్తరం చూపించి, గేటు రిజిస్టరులో పేరు రాసి, తేదీ వేసి, కింద సంతకం పెట్టాడు. పదిహేనేళ్ళలో ఆ గేటు అతనికి అలాంటి రోజున తెరుచుకోవడం అదే మొదలు.

పదిన్నరకు మెరుపుదాడి మొదలైంది. ఢిల్లీ కమిటీ ముందు వరసలో కూర్చుంది. స్వదేశం తన యావత్తు బలంతో శ్రీకాకుళం నుంచి బయలుదేరి, ఎవరూ లేని కోరాపుట్ మీద పడింది.

“అయ్యా, నేను గుంటూర్లో ఉన్నానండి” అని పరంజ్యోతి మెల్లగా చెప్పాడు.

“శత్రువు మాట నమ్మకండి!” అని కోదండంగారు గర్జించి, ఇంకా ఉత్తరానికి వెళ్ళారు.

పరంజ్యోతికి చెమటలు పట్టాయి. గెలవడం ఎంత తేలికో, వీళ్ళ చేతుల్లో ఓడిపోవడం అంత గగనంగా ఉంది. తన బిళ్ళలన్నీ ఏరి, వాళ్ళు తిరిగొచ్చే దారిలో, విజయనగరం దగ్గర బారుగా పేర్చాడు. అంత బాహాటంగా పేర్చాడంటే మోసమేనని ఆరుగురూ ఫైలు మీద రాసి, చుట్టూ తిరిగి సముద్రంలోకి దిగారు. అక్కడ ఇద్దరు సేనాపతులు ఒకరి బిళ్ళను ఒకరు కొట్టుకున్నారు. మూడున్నరకు సమోసాల వాసన మెట్లెక్కి రావడం మొదలైంది. పరంజ్యోతి ఇక ఆగలేక లేచి నిలబడ్డాడు.

“అయ్యా, నేనే లొంగిపోతున్నానండి.”

కోదండంగారు మీసం సవరించుకున్నారు. “బేషరతుగానా?”

“షరతులేం లేవండి. కాయితం మీద తారీఖు మాత్రం బాగా కనపడేట్టు ఏయించండి.”

నాలుగూ పది నిమిషాలకు సంతకాలయ్యాయి. ఢిల్లీ కమిటీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కోదండంగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతికించిన మ్యాపు ముందు అందరూ ఫోటో దిగారు, శత్రువు చేత కెమెరా నొక్కించి. ఆ సాయంత్రమే కమిటీ విమానమెక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున గేటు రిజిస్టరు త్రిపురసుందరిగారి బల్ల మీదికొచ్చింది. పది నిమిషాల్లో ఆవిడ డైరెక్టరు గదిలో ఉంది. కోదండంగారు, ప్రద్యుమ్న అప్పటికే అక్కడ కాఫీ తాగుతున్నారు.

“నిన్న మనం యుద్ధం గెలిచామాండీ?” అని అడిగింది.

“చరిత్రాత్మకంగా గెలిచాం” అన్నారు విశ్వంభరరావుగారు.

“అయితే పరంజ్యోతి నిన్న హాజరైనట్టే. హాజరైతే తొంభై రోజులు వరుసగా పనిచేసినట్టే. పనిచేస్తే పర్మనెంటు చేయాల్సిందే.”

విశ్వంభరరావుగారు కప్పు సాసరులో పెట్టేశారు. “లొంగుబాటు తేదీని ఇవాళ్టికి మార్చవచ్చునా?” అని నీళ్ళు నమిలారు.

“కమిటీ నిన్ననే వెళ్ళిపోయింది. ఊళ్ళో లేనివాళ్ళ ఎదుట ఎలా గెలుస్తారు?”

“అమ్మా, ముప్ఫై రెండేళ్ళలో చెమటోడ్చి సాధించిన విజయం ఇదొక్కటే. ఒక్క అటెండెంటు పర్మనెంటైతే కొంప మునుగుతుందా?” అన్నారు కోదండంగారు, దాదాపు బతిమాలుతూ.

త్రిపురసుందరిగారు ఆయన వైపు జాలిగా చూసింది. “దేశం ఓడిపోతే మళ్ళీ గెలుచుకోవచ్చండీ. ఒక టెంపరరీ పర్మనెంటైతే వెనక్కి తీసుకునే దారి ఏ రూల్లోనూ లేదు. ఇవాళ లైబ్రరీ అంటాం. రేపు తోటమాలి వస్తాడు. ఎల్లుండి క్యాంటీను వాళ్ళొస్తారు. అప్పుడు మిమ్మల్ని ఏ సైన్యం కాపాడుతుంది?”

ముగ్గురూ చాలాసేపు ఆలోచించారు. ఆ సంస్థలో నిజమైన ప్రమాదం గురించి ఆలోచించడం అదే మొదటిసారి కాబోలు, ఎవరూ ‘బహుముఖ’ అన్న మాట వాడలేదు. చివరికి ఢిల్లీకి సందేశం పంపారు. అందినట్టు ఉత్తరం రాయడానికే ఆరు నెలలు పట్టే ఢిల్లీ, నలభై నిమిషాల్లో జవాబిచ్చింది. ‘విజయమును రద్దుపరచుటకు అభ్యంతరము లేదు. సదరు వ్యక్తి హాజరును కూడా రద్దుపరచి తెలియజేయునది.’

లొంగుబాటు పత్రం చింపేశారు. ఫోటోలు తీసేశారు. గేటు రిజిస్టరులో ఆ పేజీ కుట్టు విప్పి తీసి, మళ్ళీ కుట్టారు. దాంతో ఐదోసారి కూడా తొంభయ్యో రోజున శత్రువు కదలలేదని తేలింది. ప్రద్యుమ్న తన సిద్ధాంతం రుజువైందని రెండో పత్రం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం పరంజ్యోతిని పిలిచారు. “దేశ భద్రత దృష్ట్యా ఆ ఉత్తరాన్ని వాపసు తీసుకుంటున్నాం” అన్నారు విశ్వంభరరావుగారు, అతని మొహం వైపు చూడకుండా. జేబులోంచి తీసి ఇచ్చాడు. ఇవ్వకపోతే కొత్త ఆర్డరు రాదని త్రిపురసుందరిగారు ముందే చెప్పింది.

“అంటే నేను నిన్న రాలేదాండి?”

“రాలేదు.”

“ఓడిపోలేదాండి?”

“రికార్డు ప్రకారం ఓడిపోలేదు” అంది త్రిపురసుందరిగారు. “మొన్న సాయంత్రం ఎక్కడెక్కడున్నావో ఇప్పుడూ అక్కడే ఉన్నావు. ఇదుగో, ఎనభై తొమ్మిది రోజులకు ఆర్డరు. ఇక్కడ సంతకం పెట్టు. రేపు పన్నెండింటికల్లా యుద్ధానికి రావాలి, బ్రిగేడియరుగారు ఎదురుచూస్తారు.”

పరంజ్యోతి సంతకం పెట్టాడు. మెట్లు దిగుతుంటే ఎవరినైనా కొట్టాలనిపించింది. కొట్టలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పక్కవాడు చూడకుండా కళ్ళు తుడుచుకున్నాడు.

సువార్త కోడికూర వండి పెట్టింది. పక్కింటి వాళ్ళకు కూడా గిన్నెలో పోసి ఇచ్చొచ్చింది. అతని మొహం చూడగానే ఆమెకు అర్థమైపోయింది.

“చెయ్యలేదా?”

“చెయ్యలేదు. నిన్న నేను అసలు పోలేదంట. ఓడిపోను కూడా లేదంట.”

“మరి?”

“నెల్లూరు కాణ్ణుంచి నంద్యాల దాకా దేశం నాదేనంట. రికార్డులో ఉంది.”

సువార్త కంచంలో అన్నం పెట్టి, కూర వేసి, ఎదురుగా కూర్చుంది.

“అంత దేశం నీదైతే, అందులో ఒక్క పర్మనెంటు ఉజ్జోగం నీకు నువ్వు ఏసుకోలేవా?”

పరంజ్యోతి ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. ఆ సంగతి అతను కూడా బస్సులో ఆలోచించాడు.

“ఏసుకోవచ్చు” అన్నాడు. “కానీ ఆ ఫైలు కూడా త్రిపురసుందరమ్మగారి కాడికే పోవాలి.”